అడుగు ఇసుక

నా పేరు చెప్పను. చెప్పినా మీకు తెలిసే మనిషిని కాదు. ఓ చిన్న గాజుతొట్టెలోని ఇసుక ఇన్నేళ్ళుగా నా గుండెల మీద బరువై కూర్చుంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

రెండు తెలుగు ప్రాంతాలు కలిసి ఒకే రాష్ట్రమైన కొన్నాళ్ళకు మా ఆయన ఉద్యోగం కోసం నల్గొండలో కాపురం పెట్టాం. పక్క వాటాలో బందరు నుంచి వచ్చిన కాలేజీ లెక్చరరు, ఆయన భార్య సుభద్ర కిరాయికి ఉండేవాళ్ళు. ఆమెకు ఇద్దరు బిడ్డలు పుట్టి పురిట్లోనే పోయారు. దిగులు కాస్త మరుస్తుందని ఆయన ఆ తొట్టె చేయించి, బందరు నుంచి లారీ మీద సముద్రపు నీళ్ళు తెప్పించి, రెండు చారల చేపలను వేసి ఇచ్చారు. అడుగున పరిచిన ఇసుక ఆమె సముద్రం ఒడ్డున తన చేతులతో ఎత్తి తెచ్చుకున్నది. సాయంత్రాలు మేమిద్దరం దాని ముందు కూర్చునేవాళ్ళం. నేను సముద్రాన్ని చూసింది అంతే, ఇప్పటికీ.

తమ్ముడి పెళ్ళికి వెళుతూ ఆమె తొట్టెను నాకు అప్పగించింది. రోజూ పొద్దున రబ్బరు గొట్టంతో ఇసుక మీది చెత్తను మాత్రం లాగేయాలి. అడుగు కదపకూడదు. అడుగున మురుగు పేరుకుని ఉంటుంది, అది లేస్తే నీళ్ళు విషమవుతాయి. ఎంత విడమరిచి చెప్పిందో! నేను తెలివైనదానిలా తలూపాను.

కొన్నాళ్ళు చేశాను. గొట్టం నోటితో పీల్చిన ప్రతిసారీ ఆ నీళ్ళు గొంతులోకి పోయి కడుపులో తిప్పేది. మానేశాను. వాళ్ళు వచ్చే రోజు చూస్తే ఇసుక మీద పచ్చటి జిడ్డు. దేవరకొండ దగ్గర గొర్రెల దొడ్డి పక్కన పెరిగినదాన్ని. మా అవ్వ దొడ్డి ఊడిస్తే ఎర్రమన్ను తేలేదాకా గీకాల్సిందే. పైపైన ఊడిస్తే గొర్రెల గిట్టలు కుళ్ళుతాయనేది. శుభ్రమంటే నాకు అదే. గరిటె తీసుకుని ఇసుకను అడుగుదాకా తిరగేశాను. నల్లటి బురద లేచింది. కుళ్ళిన గుడ్ల వాసన. మధ్యాహ్నానికి చేపలు రెండూ వెల్లకిలా తేలాయి. సాయంత్రానికి బురద కిందికి దిగి, తొట్టె నేనేమీ ఎరగనన్నట్టు తేటగా కనిపించింది.

ఆమె చెప్పింది మరిచిపోయానా? లేదు. అవ్వ మాటే గొప్పదనిపించిందా, లేక నా బద్ధకం బయటపడి, ఈ పల్లెటూరిదానికి ఏం తెలుసులే అని వాళ్ళు నవ్వుకుంటారన్న భయమా? ఇన్నేళ్ళు తవ్వుకుంటే తేలింది భయమే.

ఆ రాత్రి ఊరి నుంచి రాగానే లెక్చరరు గారు తొట్టె చూసి అడిగారు. "అడుగు ఇసుక కదిపావా అమ్మా?"

"లేదు సార్. అక్క చెప్పినట్టే పైపైన తీసిన."

"దాన్నేమీ అనకండి," అంది సుభద్రక్క. "వెళ్ళేరోజు నేనే మేత ఎక్కువ వేశాను." తర్వాత తన అరచేతులు చూసుకుంది. "నా చేతుల్లో ఏదీ బతకదు అమ్మాయ్."

"గట్లనకక్కా," అన్నాను. ఆమెను ఓదార్చాను కూడా. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత పుడుతుంది.

తొట్టె అటకెక్కింది. ఆ మరుసటి ఏడు నాకు కొడుకు పుట్టాడు. ఆమె తనే కుట్టిన టోపీ తెచ్చింది. బాబును ఆమె చేతికి అందించబోయాను. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. "వద్దమ్మా, నీ దగ్గరే ఉండనీ," అని దూరం నుంచే వాడిని చూసింది. ఎంత ఆశగా చూసిందో! అప్పుడైనా ఒక్క మాట చెప్పి ఉంటే ఆ చేతులు ముందుకు వచ్చేవేమో. నేను చాయ్ పెడతానని లోపలికి వెళ్ళాను.

తర్వాత వాళ్ళకు బదిలీ అయింది. మళ్ళీ కలవలేదు. ఆమె ఉందో లేదో కూడా తెలియదు. క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు, మీరూ క్షమించవద్దు. ఆ రోజు అనాల్సిన మాటను ఇక్కడైనా పెడితే నాకు ఊపిరాడుతుంది, అంతే.

అక్కా, ఇసుక కదిపింది నేను. నీ చేతులు మంచివే.