ఎస్తేరు టీచరు గారి డ్రోను కిట్టు

టంకం కరిగేటప్పుడు లేచే పొగకు గుగ్గిలం ధూపానికి దగ్గరగా ఉండే ఒక వాసన ఉంటుంది. మొన్న నేను నేర్పే డ్రోను శిక్షణ కేంద్రంలో కొత్తగా చేరిన అమ్మాయి సోల్డరింగ్ ఐరన్ తీగకు ఆనించగానే ఆ వాసన రేకుల షెడ్డంతా పరుచుకుంది. కొత్తపేట దగ్గర ఆ షెడ్డులో నిలబడి ఉన్న నాకు అమలాపురంలోని ఒక పెంకుటింటి వరండా, అందులో పాత కుట్టుమిషను బల్ల, దాని మీదికి వంగి కళ్ళద్దాలు సర్దుకుంటున్న ఎస్తేరు టీచరు గారు కనిపించారు. ఆవిడ పోయి ఏడాది దాటింది. ఈ పిల్లల్లో ఎవరూ ఆవిడను చూడలేదు. కానీ వాళ్ళు నేర్చుకుంటున్న దాంట్లో ఆవిడ వాటా చాలా ఉంది.

మాది బండారులంక, మగ్గాల ఇల్లు. పదో తరగతితో నా బడి చదువు ఆగిపోయింది. ఆ తర్వాత చదివిందంతా అమలాపురం గ్రంథాలయంలోనే. చీరలు ఇవ్వడానికి నాన్న బజారుకు వెళితే, ఆయన తిరిగొచ్చేదాకా నేను అక్కడ కూర్చునేదాన్ని. నక్షత్రాలు, నాడీ మండలం, ఆవిరి యంత్రాలు, ఏ బీరువా తాళం తీసి ఉంటే అందులోవి చదివేదాన్ని. అలా చదివానని చెప్పుకోవడం నాకు ఇప్పటికీ ఇష్టమే. ఎస్తేరు గారు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. మధ్యాహ్నాలు పేపర్లు చదవడానికి వచ్చేవారు. ఒకరోజు నా చేతిలో విమానాల పుస్తకం చూసి, రెక్క పైభాగం ఎందుకు ఉబ్బుగా ఉంటుందని అడిగారు. పేజీ చూడకుండా గడగడా చెప్పేశాను. ఆవిడ చివరిదాకా విని, "బాగా చెప్పేవమ్మా. మరి ఎప్పుడైనా దేన్నైనా ఎగరేసేవా?" అన్నారు. గాలిపటం కూడా లేదండీ అన్నాను. అయితే సగం చదువు మిగిలే ఉందన్నమాట అని నవ్వారు.

కొన్నాళ్ళకు, పొలాల్లో మందు కొట్టే డ్రోన్లు నడపడానికి మహిళా సంఘాల నుంచి కొందరిని ఎంపిక చేస్తారని తెలిసింది. విడిభాగాలు ఇస్తారు, చిన్న డ్రోను బిగించి పైకి లేపి చూపించాలి. నేను పేరు ఇచ్చాను. ఇంట్లో పెద్ద గొడవేమీ జరగలేదు. నాన్న మాత్రం మగ్గం మీంచి లేవకుండానే, ఈసారి కాకపోతే ఇంక ఆ ఊసు ఎత్తకూడదని, తిన్నగా వచ్చి మగ్గంలో కూర్చోవాలని అన్నారు. ఆయన మాట తప్పే మనిషి కాదని నాకు తెలుసు. ఈ ఒక్కసారే.

ఆ సంగతి చెప్పగానే ఎస్తేరు గారు నన్ను ఇంటికి తీసుకెళ్ళి, బీరువా మీంచి ఒక అట్టపెట్టె దింపించారు. మస్కట్‌లో పనిచేసే ఆవిడ తమ్ముడు సెలవుకు వచ్చినప్పుడు తెచ్చి ఇచ్చిన డ్రోను కిట్టు. అక్కకు ఇలాంటివంటే పిచ్చి అని తెచ్చాడట. అప్పటికే ఆవిడ చేతులు వణకడం మొదలైంది, అందుకని విప్పకుండా అలాగే ఉంచేశారు. "నీ చేతులు వాడుకుంటాను, ఏమీ అనుకోకు" అన్నారు.

ఆవిడ పద్ధతి ఒకటే. చెయ్యబోయేది ముందు నోటితో చెప్పాలి, తర్వాతే ముట్టుకోవాలి. నాలుగు చేతుల ప్లాస్టిక్ ఫ్రేము, ఒక్కో చేతి చివర ఒక మోటారు, దాని మీద గిర్రున తిరిగే ఒక రెక్క. మోటారు నుంచి మూడు తీగలు వస్తాయి, ఎరుపు, పసుపు, నలుపు. దాని వేగాన్ని అదుపు చేసే చిన్న బోర్డుకు కూడా అవే రంగుల తీగలు. నాకు ఇది కొట్టిన పిండిలా అనిపించింది. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోతే కొత్త పడుగు పోగుల్ని వాటి కొసలకు అతుకుతాం. పోగు జారకుండా వేళ్ళకు బూడిద అద్దుకుని, ఏ రంగుకు ఆ రంగు, వరస తప్పకుండా మెలిపెట్టాలి. నేను అలాగే ఎరుపుకు ఎరుపు, పసుపుకు పసుపు, నలుపుకు నలుపు మెలిపెట్టి టంకం వేశాను. నాలుగు మోటార్లూ ఒకే తీరున, అచ్చు గుద్దినట్టు వచ్చాయి. ఎస్తేరు గారు భూతద్దంతో చూసి ఎంత ముచ్చటగా ఉన్నాయో అన్నారు.

ఎంపికకు ముందు రోజు మధ్యాహ్నం ఆవిడ పెరట్లో కొబ్బరిచెట్ల మధ్య జాగా చూసి కింద పెట్టి, రిమోట్ మీద మెల్లగా వేగం పెంచాను. అది లేవలేదు. ఉన్నచోటే గిర్రున తిరిగి, తలకిందులై, గడ్డిని కోసుకుంటూ పోయి గోడకు కొట్టుకుంది. ఒక రెక్క విరిగింది. గోడ అవతల నుంచి పక్కింటి వీర్రాజు గారు తొంగిచూసేరు.

"టీచర్ గారండీ, ఎగిరేది కొన్నారా, గడ్డి కోసేది కొన్నారా?"

"ప్రస్తుతానికి కోసేదేనండీ. మీ వైపు గడ్డి ఏమైనా ఉంటే చెప్పండి" అన్నారావిడ.

నాకు నవ్వు రాలేదు. ఆవిడ రెక్కలన్నీ తీసేయమన్నారు. ఏ మోటారు ఎటు తిరుగుతోందో కంటికి ఆనకపోతే, నా పమిట చెంగు నుంచి నాలుగు పోగులు లాగి ఇరుసులకు కట్టాను. వేగం పెంచగానే నాలుగు పోగులూ ఒకే వైపు తిరిగాయి. రెండు అటు, రెండు ఇటు తిరగాలని పుస్తకంలో చదివి నాకు తెలుసు. తెలిసినా చేతులు మాత్రం మగ్గం పని చేశాయి. మా ఇంట్లో అతుకు ఎలా వేస్తామో చెబితే ఆవిడ ఆసక్తిగా అన్నీ అడిగి తెలుసుకున్నారు, బూడిద ఎందుకో కూడా. తర్వాత, "నేనూ చూసేనే. అందంగా ఉందని ఊరుకున్నాను" అన్నారు.

రెండు మోటార్లకు రెండేసి తీగలు విడదీసి, అటుదిటు కలిపితే చాలు. కానీ నాకు చెయ్యి రాలేదు. అతికిన పడుగును మేము విప్పం. విప్పాల్సి వచ్చిందంటే ఆ ఇంట్లో ఆ పూట ఎవరూ సరిగా అన్నం తినరు. ఇంక నా వల్ల కాదండీ, రేపు వెళ్ళను అన్నాను.

ఆవిడ ఓదార్చలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, "బిగించేటప్పుడు ప్రతిదీ నోటితో చెప్పేవు కదా. విప్పడం కూడా పనే. చెప్పు, ముందు ఏది విప్పుతావు?" అన్నారు.

నల్ల తీగ అండీ అన్నాను. ఆయ్, కానియ్యి అన్నారు. అంతే. నేను చెబుతూ, వేడి పెట్టి, తీగ నలగకుండా విడదీశాను. బిగించినప్పుడు ఎంతసేపు చూశారో విప్పిన కొసల్ని కూడా ఆవిడ భూతద్దంతో అంతసేపే చూశారు. పెట్టెలో అదనంగా ఉన్న రెక్క బిగించాక అది వీర్రాజు గారి గోడ దాటి ఎగిరింది. ఆయన ఈసారి గోడ అవతల నుంచే దండం పెట్టేరు.

మర్నాడు ఎంపికలో గబగబా బిగిస్తూ అటు తిరిగే మోటారుకు ఇటు తిరిగే రెక్క పెట్టేశాను. పూర్తిగా బిగించాక గానీ కనపడలేదు. పక్కవాళ్ళవి అప్పటికే గాల్లో ఉన్నాయి. టైము అయిపోతోంది, ఉన్నది ఉన్నట్టు లేపి చూడమ్మా అన్నాడు అక్కడి ఉద్యోగి. "విప్పి పెడతానండీ" అన్నాను. నా గొంతు నాకే నిబ్బరంగా వినపడింది. అందరి తర్వాత లేచింది నాదే. గాలికి కొంచెం పక్కకు కొట్టుకుపోయినా తిన్నగానే దిగింది. తీసుకున్నవాళ్ళలో ఆఖరి పేరు నాది.

పరుగున వెళ్ళి చెబితే ఎస్తేరు గారు చాలా సంతోషించారు. ప్రార్థన కూడికకు బయలుదేరుతున్నవారు ఆగి, చేతిలో బిస్కెట్లు పెట్టారు. పెట్టి, "తిన్నాక ఆ డ్రోను మొత్తం విప్పి పెట్టెలో సర్దెయ్. రాజోలు నుంచి ఒక పిల్ల వస్తానంది" అన్నారు.

నా చేత్తో చేసి, నా చేత్తో ఎగరేసిన మొదటి వస్తువు అది. ఉంచుకోమంటారని అనుకున్నాను. ఆవిడ వచ్చేసరికి ఇంకా విప్పకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. "అది ఉంటే ఏం చేసుకుంటావే? నీకు చెయ్యడం వచ్చేసింది కదా" అన్నారు. ఆ సాయంత్రమే విప్పాను. రాజోలు పిల్ల తర్వాత అది ఇంకెవరి దగ్గరికో వెళ్ళిందని విన్నాను. ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో తెలియదు.

మా కేంద్రంలోనూ అంతే. బిగించి, ఎగరేసి, మళ్ళీ విప్పి, భాగాలన్నీ తర్వాతి బృందానికి సర్ది పెట్టాక గానీ ఏ అమ్మాయీ నేర్చుకున్నట్టు నేను లెక్కవేయను. విప్పేముందు వాళ్ళ ముఖాలు నాకు బాగా తెలుసు. అందుకని డ్రోను పట్టుకుని ఫోటో తీసుకోవడానికి కాస్త టైము ఇస్తాను. ఎస్తేరు టీచరు గారు నాకు అదీ ఇవ్వలేదు.