మాజీ మంత్రితో మదనపల్లె దాకా

సోవియట్ యూనియన్ ముక్కలయ్యాక పుట్టిన ఒక చిన్న కొండల దేశంలో లెవాన్ మంత్రిగా చేశాడట. ఇప్పుడు మన పిల్లల్ని అక్కడ డాక్టరు చదువుకు చేర్పించే పనిలో ఉన్నాడు. నాకు రష్యన్ వచ్చు కనుక దుబాసీగా వెంట రమ్మన్నాడు. తొంభైల నడిమి రోజులవి. ఆ దేశం పేరు తుపాకుల వార్తల్లో తప్ప పేపర్లో కనబడేది కాదు. అందుకని బయల్దేరినప్పటి నుంచే ఆయన్ని ఓ కంట కనిపెడుతూ ఉన్నాను.

ఉదయం ఆరున్నరకు బెంగళూరులో రైలెక్కి, తొమ్మిది దాటాక కుప్పంలో దిగాం. దారిలోనే తన చరిత్రంతా చెప్పాడు. కుర్రతనంలో కమ్యూనిస్టు యువజన నాయకుడు. దేశం విడిపోతుందనగానే స్వతంత్రవాది. వాళ్లు గెలిస్తే ఉపమంత్రి. వాళ్ల అధ్యక్షుణ్ణి తరిమేశాక, తరిమినవాళ్ల దగ్గర పూర్తి మంత్రి. "స్వతంత్రం ప్రకటించిన రోజు శాసనసభ మీద జెండా ఎగరేసింది నేనే" అన్నాడు. గోడమీద పిల్లి అనుకున్నాను.

స్టేషన్ బయట ఇడ్లీ తిని పలమనేరు బస్సెక్కాం. వి.కోటలో బీన్స్ మూటతో ఎక్కినామె లెవాన్‌ను ఎగాదిగా చూసింది.

"ఈయప్ప యాడోడు నాయనా?"

"రష్యా పక్కన దేశమమ్మా. అక్కడ మంత్రిగా చేశాడు."

"మంత్రయితే కారుండదా? మనతో బస్సులో యాల వస్తాండాడు?"

నవ్వేశాను గానీ ఆ అనుమానం నాకూ ఉంది.

పలమనేరులో బస్సు మారి ఒంటిగంటన్నరకు పుంగనూరు చేరాం. హోటల్లో పప్పన్నం తింటూ లెవాన్ మళ్లీ ఆ రోజు సంగతే ఎత్తాడు. ఈసారి తను శాసనసభ కింది నేలమాళిగలో దాక్కున్నాడట. "మరి జెండా?" అన్నాను. "ఎవరో ఎగరేశారు" అని మజ్జిగ తాగేశాడు.

మదనపల్లె బస్టాండులో రెడ్డెప్ప కాచుకుని ఉన్నాడు. పెద్దమండ్యం దోవలో మెట్ట సేద్యం ఆయనది. కూతురు సుజాతను లెవాన్ వెంట పంపాలా వద్దా అన్నది ఆ సాయంత్రం తేలాలి. ఆటోలో మమ్మల్ని నేరుగా వాళ్ల ఊరి గంగమ్మ గుడికి తీసుకెళ్లాడు. సుజాత అక్కడే ఉంది. చేతిలో సగం అల్లిన ఉన్ని స్వెట్టరు. ఆ దేశపు చలికట.

ఆ వైపు మాట మీద నమ్మకం కుదరకపోతే అమ్మవారి ముందు కర్పూరం ఆర్పి ప్రమాణం చేయిస్తారు. అబద్ధమాడి ఆర్పినవాడి ఇల్లు నిలవదంటారు. రెడ్డెప్ప కర్పూరం వెలిగించి పళ్లెం ముందుకు చాచాడు.

"ఆడ కొట్లాటల్లేవు, బిడ్డకు బయం లేదని ఈయప్పను ఆర్పమను."

నేను చెప్పీ చెప్పకముందే లెవాన్ చెయ్యి చాచాడు. "తప్పకుండా! ఇప్పటికి మూడు ప్రభుత్వాలకు ప్రమాణం చేశాను" అన్నాడు. దుబాసీని కదా, అదీ చెప్పాను.

రెడ్డెప్ప పళ్లెం వెనక్కి లాక్కున్నాడు.

"అన్నితూర్లు సేసినోని సేతికి సెగ తగల్దులేప్పా. నువ్వు ఆర్పు. ఈయప్పను నమ్మొచ్చని నువ్వు ఆర్పితే పంపిస్తా."

"ఆర్పన్నా" అంది సుజాత. "నేను డాక్టరు కావల్ల."

నా చెయ్యి లేవలేదు. నేలమాళిగలో ఉన్నవాడు జెండా ఎలా ఎగరేస్తాడన్నదే నా బుర్రలో తిరుగుతోంది. కర్పూరం దానంతటదే కరిగి ఆరిపోయింది. సుజాత స్వెట్టరు చుట్టి చంకలో పెట్టుకుని ఇంటి దారి పట్టింది.

ఏడింటి బస్సులో బెంగళూరుకు తిరుగు ప్రయాణం. సీట్లు దొరికాయి, దారి కూడా బాగుంది. బస్సు ఊరు దాటాక లెవాన్ నా వైపు తిరిగి అన్నాడు.

"సుజాతను చేర్పిద్దామన్న కాలేజీలోనే నా కూతురూ చదువుతోంది. పొద్దుట్నుంచి నన్ను తుపాకుల గురించి, జెండాల గురించి అడిగావు. నాకు పిల్లలున్నారా అని మాత్రం అడగలేదు."

ఇది కూడా మరో కట్టుకథే అయ్యుండాలని దారి పొడవునా ఆ గంగమ్మకే మొక్కుకున్నాను.