రెండు పొయ్యిల నడుమ

అది 1999. ముదిగుబ్బ దగ్గర ఒక గుట్ట వాలులో మా తవ్వకం సాగుతోంది. ఈ మెట్టసీమలో మొట్టమొదట సేద్యం చేసినవాళ్ళ ఆనవాళ్ళు వెతకడం మా పని. నేను తవ్వకం డైరెక్టరుకు అసిస్టెంటును. మేము ట్రెంచ్, అంటే కొలతల ప్రకారం తీసే గుంత, తవ్వుతున్న చేను ఓబులమ్మది. తొలివాన పడేదాకా తవ్వుకోమని ఆమె ఒప్పుకుంది.

వేసవి చివర్లో ఒక పాత పొయ్యి బయటపడింది. ఇంకా లోతుకు పోతే అంతకంటే పాతది మరొకటి కనబడింది. ఆ సాయంత్రమే వాన కురిసింది.

తెల్లారేసరికి ఓబులమ్మ గట్టు మీద నిలబడి ఉంది.

"సారూ, వానకు నేల పదునైనాది. ఇత్తనం ఏసుకోవల్ల. గుంత పూడ్చండి."

"ఒక్క వారం ఆగమ్మా. అసలుది ఇప్పుడే దొరికింది," అన్నారు మా డైరెక్టరు.

"ఏమప్పా, మీ పొయ్యి ఇన్నేండ్లు ఆడనే ఉండాది, ఇంగా ఉంటాది. పదును ఉంటాదా?"

ఆయన ముఖం వాడిపోయింది. ఆ పొయ్యి కోసం ఏళ్ళ తరబడి తిరిగిన మనిషి. "మాట ఇచ్చాం కదండీ. పొయ్యిలో మట్టి గోతాల్లోకి ఎత్తుకుని, గుంత గోడలకు ఫోటోలు తీసుకుని పూడ్చేద్దాం," అన్నాను. ఆయన తలూపారు. ఓబులమ్మే మొదటి గంప మట్టి పోసింది.

గోతాల్లోకి ఎత్తిన కింది పొయ్యి మట్టిని నీళ్ళ డ్రమ్ములో కలిపితే మాడిన గింజలు పైకి తేలాయి. దీన్ని ఫ్లోటేషన్ అంటారు. అవి ఉలవలు. కొన్నిటిని రేడియోకార్బన్ డేటింగుకు పంపాం. మొక్క చచ్చిన నాటినుంచి దానిలోని ఒక రకం కార్బన్ మెల్లగా తరిగిపోతుంది. ఎంత మిగిలిందో చూసి వయసు కడతారు. దాదాపు మూడున్నర వేల ఏళ్ళని తేలింది.

మరుసటి ఏడు ఆ కబురు చెబుదామని వెళ్ళాను. ఆ తొలివాన తర్వాత చినుకు లేక ఆమె వేరుశనగ నిలువునా ఎండిపోయిందట. వాకిట్లో మూటలు కట్టి ఉన్నాయి.

"బెంగుళూరుకు పోతాండాము సారూ, కట్టడం పనికి."

వెంట తెచ్చిన ట్రెంచ్ ఫోటో చేతికిచ్చి ఉలవల సంగతి చెప్పాను. ఆమె ఫోటోను చాలాసేపు చూసింది.

"రెండు పొయ్యిల నడుమ ఈ ఎర్రమన్ను ఏంది?"

"మనుషులు లేనప్పుడు గాలీ వానా తెచ్చిపోసిన మట్టి. కింది పొయ్యివాళ్ళు ఎందుకో ఈ చోటు వదిలి పోయారు. తర్వాత మళ్ళీ ఎవరో వచ్చి ఇక్కడే పొయ్యి పెట్టుకున్నారు."

"ఆళ్ళేనా?"

"వాళ్ళో, వాళ్ళ మనవలో, వేరేవాళ్ళో. చెప్పలేనమ్మా."

"ఎన్నేండ్లకు వచ్చినారు?"

అందరికంటే ముందు వచ్చినవాళ్ళు కావాలని కింది పొయ్యికి ఒక్కదానికే వయసు కట్టించాం. పైదాన్ని పట్టించుకోలేదు.

"తెలీదు," అన్నాను.

"ఎవురో ఒగరు వచ్చినారు గదా," అని ఫోటో తిరిగిచ్చి, మూట ముడి బిగించుకుంది.

ఆ తర్వాత ఎన్నో చోట్ల తవ్వాను. ఎక్కడ తవ్వినా, మొదట వచ్చినవాళ్ళ పొయ్యితో పాటు, ఆ చోటు ఖాళీ అయ్యాక మళ్ళీ వెలిగిన పొయ్యికీ వయసు కట్టించాలని పట్టుబడుతూ వచ్చాను.