కొబ్బరిపాల చేపల కూర

మాచర్ల నుంచి సింహళం వచ్చి నాపరాళ్ళు పరుస్తున్నాం. సున్నం పడవ రాలేదని ఈ రోజు మధ్యాహ్నం పని ఆపేశారు. రాళ్ళు మోయడంలో నా జోడీ ఏసోబును పనిముట్లకు కాపలా ఉంచి, ఇద్దరికీ కూడు తెస్తానని సముద్రపు ఒడ్డుకు పోయాను. కొబ్బరిపాలలో వండిన చేపల కూర, వరి అన్నం! మా ఊళ్ళో వరి అన్నం పండగకే. అక్కడే కూర్చుని వాడి వాటా కూడా తినేశాను.

చేయి కడుక్కుని తిరిగొచ్చినా వాసనకే వాడు పసిగట్టాడు.

"ఏందిరా, చేపలు చానా బాగున్నట్టున్నాయే?"

"నీ వంతు గూడా తినేశానురా."

"సరేలే. రేపు రాయి గూడా ఒక్కడివే మొయ్యి."

కలిసి రాయి మోసేవాళ్ళు కలిసే తినాలన్నది మా పనివాళ్ళ కట్టుబాటు. మేస్త్రీ ఒక్కడే తింటాడని రోజూ మండిపడేది నేనే. మీరైతే రేపు నా రాయికి రెండో కొస పట్టుకుంటారా?