పన్నెండో కుర్చీలో మా తాతయ్య కాళ్ళు

నా చిన్నప్పుడు, అంటే నాకు తొమ్మిదేళ్ళు నిండీ నిండని రోజుల్లో, మా ఇంటి పరువంతా మా తాతయ్య కాళ్ళ మీద ఆధారపడిన వారం ఒకటి వచ్చింది. ఇప్పుడు చెబితే నా మనవలు పడీపడీ నవ్వుతారు. అప్పుడు మాత్రం ఇంట్లో ఎవరికీ నవ్వు రాలేదు.

మేం వన్ టౌన్‌లో, గుడి అని పిలుచుకునే చర్చి వెనక సందులో ఉండేవాళ్ళం. తాతయ్య రేవులో కూలీ. ఓడల్లోకి ఎగుమతి చేసే ఇనప రాయిని తట్టలకెత్తి నెత్తిమీద మోసేవాడు. ఆ రాతి ధూళి ఎర్రగా ఉంటుంది. అది ఆయన మడమల పగుళ్ళలోకి చేరి, ఎన్ని నీళ్ళు పోసుకున్నా వదిలేది కాదు. ఆయన ఇంట్లో అడుగుపెడితే చాలు, మా నాయనమ్మ తడిగుడ్డ పట్టుకుని వెనకాలే నడిచేది.

ఆ ఏడు ఈస్టర్‌కు ముందొచ్చే మ్రానికొమ్మల ఆదివారం నాడు, పూజ అయ్యాక ఫాదర్ గారు పన్నెండు పేర్లు చదివారు. వచ్చే గురువారం సాయంత్రం ఆ పన్నెండుమందినీ పీఠం ముందు కుర్చీల్లో కూర్చోబెట్టి, ఏసు ప్రభువు శిష్యుల పాదాలు కడిగినట్టుగా, ఫాదర్ గారు వాళ్ళ పాదాలు కడుగుతారు. ఆఖరి పేరు మా తాతయ్యది. నాయనమ్మ మొహం వెలిగిపోయింది. మరుక్షణం ఆయన కాళ్ళకేసి చూసి నీరుగారిపోయింది.

పన్నెండుమందిలో పక్కింటి అక్క వాళ్ళ నాన్న కూడా ఉన్నారు. ఆయన ఆఫీసులో గుమాస్తా, ఎప్పుడూ బూట్లు వేసుకునే మనిషి. గుడి మెట్లు దిగుతూ ఆ అక్క నన్ను అడిగింది, "మీ తాత కాల్లు ఫాదర్ గారు ముట్టుకుంటారేటే?" అని. మామూలుగానే అడిగిందేమో. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

ఆ సాయంత్రమే పనిలోకి దిగాను. ఇటుక ముక్క, కొబ్బరి పీచు, కుంకుడుకాయ రసం దగ్గర పెట్టుకుని, తాతయ్యను గుమ్మంలో పీట మీద కూర్చోబెట్టి తోమడం మొదలుపెట్టాను. బుధవారం దాకా నాలుగు సాయంత్రాలు అదే పని. పగలు రేవులో అంటుకున్నది సాయంత్రం నేను వదిలించేదాన్ని. తాతయ్య కళ్ళు మూసుకుని, చక్కిలిగిలిగా ఉందని నవ్వుతూ, మధ్యమధ్యలో గుడి పాటలు కూనిరాగం తీసేవాడు. ఆయన మీద ప్రేమతోనే ఇదంతా చేశానని చెప్పుకోవాలని ఉంది. కానీ అబద్ధం. తోముతున్నంతసేపూ నా కళ్ళముందున్నది బూట్లలోంచి బయటికొచ్చే గుమాస్తాగారి తెల్లటి పాదాలు. బుధవారం మడమలు తేటపడ్డాక పక్కింటి అక్కను పిలిచి మరీ చూపించాను.

గురువారం పనికి వెళ్ళనని తాతయ్య నాయనమ్మకు మాట ఇచ్చాడు. తీరా ఆ ఉదయమే ఓడ బయలుదేరుతుందని కబురొచ్చింది. మధ్యాహ్నానికల్లా వచ్చేస్తానని వెళ్ళాడు. మధ్యాహ్నం దాటింది, గుడి గంట కొట్టారు, పూజ మొదలైంది. పదకొండుమంది కూర్చున్నారు. పన్నెండో కుర్చీ ఖాళీగా ఉంది. నాయనమ్మ జపమాల పట్టుకుందే గానీ పూసలు కదపడం లేదు. ఫాదర్ గారు బైబిల్లోంచి సువిశేషం చదవడం ముగించే వేళకు పక్క తలుపులోంచి తాతయ్య వచ్చి కూర్చున్నాడు. మొహం కడుక్కున్నాడు, చేతులు కడుక్కున్నాడు, తడిజుట్టు దువ్వుకున్నాడు. కాళ్ళు మాత్రం మోకాళ్ళ దాకా ఎర్రగా ఉన్నాయి. నాయనమ్మ కొంగు మొహం మీదికి లాక్కుంది.

మొదటి పదకొండుమందికీ ఫాదర్ గారు కాసిని నీళ్ళు పోసి తువ్వాలుతో అద్దారు. తాతయ్య దగ్గరికొచ్చేసరికి పళ్ళెంలో నీళ్ళు ఎర్రబడ్డాయి. ఇంకో చెంబు తెప్పించారు, అదీ చాల్లేదు. ఆయన నేలమీద చతికిలబడి, అంగీ చేతులు పైకి తోసుకుని, నేను తోమినట్టే వేళ్ళ సందుల్లో, పగుళ్ళలో రుద్దారు. పాడేవాళ్ళు పాట అయిపోయి మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకున్నారు. చివర్లో ఫాదర్ గారు ఒంగి ఆ పాదాలను ముద్దుపెట్టుకున్నారు. నేను తల దించుకుని ఏడుస్తున్నాను. భక్తితో కాదు, కోపంతో.

ఇంటికి నడుస్తుంటే నాయనమ్మ అందుకుంది. "మొగం కడుక్కున్నోడివి, కాల్లు కడుక్కోలేవేటి? గుడి బయట కుళాయి నేదా?"

"ఆలకి తడిపేరు. నాకు కడిగేరు," అన్నాడు తాతయ్య. అంతకుమించి చెప్పలేదు. కావాలనే అలా వచ్చాడో, తొందరలో మొహం వరకే కుదిరిందో ఎంత అడిగినా నవ్వాడే తప్ప తేల్చలేదు.

నాకు ఉక్రోషం ఆగలేదు. "మరి నాలుగు రోజులు నాను తోమిందంతా వేస్టే కదా తాతా," అన్నాను.

ఆయన సందు మధ్యలో ఆగిపోయాడు. "అదేటే గుంటా. నువ్వు గుడి కోసం తోమేవేటి? నా కోసం అనుకున్నాను."

నేను ఆయన్ని దాటుకుని ముందుకు నడిచాను. అవునంటే ఆయన మనసు కష్టపడుతుంది, కాదంటే అబద్ధమాడినట్టవుతుంది. ఆ రాత్రి ఆయన వచ్చి నా తలమీద చెయ్యి వేస్తే నిద్ర నటించాను. సిగ్గుగా ఉంది, ఎందుకో సరిగా తెలియలేదు. కోపంతో తోమినా కాళ్ళు శుభ్రపడ్డాయి కదా, ఆయన హాయిగా పాడుకున్నాడు కదా, మరి తప్పెక్కడుంది అని నాకు నేనే వాదించుకున్నాను. నా మనసులో లేని ప్రేమను ఆయన ఉందనుకుని తీసుకున్నాడు. దాని పుణ్యం నాకు చెందుతుందా? దేవుడు చూసింది నా చేతులనా, నా లోపలున్న గుమాస్తాగారి కాళ్ళనా? ఫాదర్ గారిని అడుగుదామని రెండుసార్లు వెళ్ళి, అడగలేక తిరిగొచ్చాను.

చాలా ఏళ్ళకు తాతయ్య మంచాన పడ్డాడు. అప్పటికి రేవు మానేసి ఎంతోకాలమైంది, మడమలు తెల్లగా, మెత్తగా అయిపోయాయి. ఒకరోజు మద్దిలపాలెంలో నా డ్యూటీ ముగించుకుని బస్సులో వచ్చి, గోరువెచ్చని నీళ్ళతో ఆయన కాళ్ళు కడుగుతున్నాను. గదిలో మేమిద్దరమే ఉన్నాం. ఆయన కళ్ళు తెరవకుండానే అడిగాడు, "ఏటమ్మా, ఇవాల గురువారమా? గుడికెల్తన్నామా?"

"కాదు తాతా, మంగళవారం. ఎక్కడికీ వెళ్ళటం లేదు," అన్నాను.

ఆయన పెదవుల మీదికి చిన్న నవ్వొచ్చింది. మతిమరుపుతో అడిగాడో, అన్నేళ్ళుగా అన్నీ తెలిసే ఊరుకున్నాడో నాకు తెలియదు. ఇప్పుడు మా గుడి ఆడవాళ్ళం ఆసుపత్రిలో రోగులకు అన్నం పెట్టడానికి వెళ్తాం. ఎవరో ఒకరు ఫోన్ తీసి ఫొటోలు తీస్తుంటారు. నా చెయ్యి ముందు జుట్టు సర్దుకోవడానికి పైకి వెళ్తుంది. అప్పుడు గరిటె పట్టుకుని ఒక్క క్షణం ఆగి, ఇవాళ నాకు గురువారమా, మంగళవారమా అని నన్ను నేనే అడుగుతాను. చాలాసార్లు తేలదు. తేలకపోయినా, ఎదురుగా ఉన్న మనిషి ఆకలితో చూస్తుంటాడు కాబట్టి వడ్డిస్తాను.