మెడలోతు నీళ్లలో ఎవాంథియా

మంగళవారం ఉదయం ఎవాంథియా గడ్డిటోపీ గాలికి ఎగిరి సముద్రంలో పడి, కొట్టుకుపోయి, రాతిగట్టు మీద కూర్చున్న థనాసిస్ గాలానికి తగులుకుంది. ఆ పూట ఆయనకు పడింది అదొక్కటే. ఆ తడిటోపీనే నెత్తిన పెట్టుకుని ఆవిడ మళ్లీ నీళ్లలోకి నడిచింది. అరవై రెండేళ్ల మనిషి. ముందు మోకాళ్లు తడుపుకుంటుంది, తరువాత మెడ, ఆ పైన ఒక్క మునక. వోలోస్ ఊరి తీరాన రోజూ ఆ వేళకు మెడలోతు నీళ్లలో ఏడెనిమిది టోపీలు గుండ్రంగా తేలుతుంటాయి. వాటి కింద ఆడవాళ్లు వంకాయ వేపుడు గురించీ, కోడళ్ల గురించీ తీరిగ్గా మాట్లాడుకుంటారు. ఎవాంథియాది ముప్పై ఏళ్లు చర్చిలో పాడిన గొంతు. మొగుణ్ణి వదిలేసిందని రెండేళ్ల కిందట గుడ్ ఫ్రైడే నాడు, విలాపగీతం మధ్యలో, ఫాదరుగారు అందరి ముందూ "ఆపి, బయటికి నడువు" అన్నాడు. నడిచింది. అప్పటినుంచి వంటింట్లో కూనిరాగమైనా తీయలేదు. ఈ టోపీలవాళ్లు మాత్రం ఏమీ అడగలేదు. కాస్త జరిగి చోటిచ్చారు, అంతే.

ఆ ఉదయం పక్కనున్న స్టమాటియా ఏదో పాత పాట ఎత్తుకుని, రెండో చరణంలో శ్రుతిని నిలువునా ముంచేసింది. భరించలేక ఎవాంథియా అందుకుంది. టోపీలన్నీ ఇటు తిరిగాయి.

"ఓసి నీ అసాధ్యం కూలా! ఇంత గొంతు పెట్టుకుని ఇన్నాళ్లూ నాచేత పాడించావుటే!" అంది స్టమాటియా. ఎవాంథియా ఆగలేదు, గొంతు పెంచింది.

గట్టు మీంచి థనాసిస్ కేకేశాడు: "అమ్మా తల్లీ, ఆపవమ్మా! ఉన్న చేపలన్నీ పారిపోతున్నాయి!"

"ఒకాయన ఆపమంటే రెండేళ్లు ఆపాను బాబూ, ఇక నీ చేపలకే సర్దిచెప్పుకో."