నిలువెత్తు బంగారం, అరవై కిలోల మామ

మా చక్రధర్ మామ ఒక్క గుద్దు గుద్దితే కామారెడ్డి బస్టాండులో ఆగి ఉన్న బస్సు ఎల్లారెడ్డిలో తేలుతుంది. డీజిల్ అక్కర్లేదు. కండక్టరుకు టికెట్లు కొట్టే టైము కూడా దొరకదు. వీధంతా ఈ మాట చెప్పింది నేనే. మామ మాట్లాడేదే తక్కువ.

2009లో ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి డిగ్రీ చదవడానికి బస్సెక్కి, బాక్సింగ్ నేర్చుకున్నాడు. నేర్పింది పటాలంలో పనిచేసి వచ్చిన స్వామిదాసు సారు. మూతబడ్డ రైస్ మిల్లు షెడ్డులో గోనెసంచికి రంపపు పొట్టు కుక్కి వేలాడదీశాడు. మామది అరవై కిలోల తరగతి, లైట్ వెయిట్. ఆ ఎడమచెయ్యి ఎప్పుడు వచ్చిందో తగిలాక గానీ ఎదుటివాడికి తెలియదు. 2011లో రాష్ట్ర పోటీల్లో వెండి పతకం తెచ్చాడు.

పతకం వస్తే మేడారం తల్లులకు మామ నిలువెత్తు బంగారం ఇస్తానని మా అమ్మమ్మ యాదవ్వ మొక్కుకుంది. బంగారమంటే బెల్లమే. మనిషిని తక్కెట్లో కూర్చోబెట్టి అంత బెల్లం తూచి ఇవ్వాలి. 2012 ఫిబ్రవరిలో జాతర. అది దాటిన కొద్ది రోజులకే జాతీయ పోటీలకు ఎంపిక. అరవై దాటితే మామను తీసుకోరు.

నెల ముందు నుంచే అవ్వ నెయ్యి, తలకాయ కూర మొదలుపెట్టింది.

"అవ్వా, నేను అరవై దాటొద్దు," అన్నాడు మామ.

"గీ బొక్కల్ని తూకమేస్తే తల్లి ఏమనుకుంటది? యాదవ్వ బెల్లం మిగుల్చుకున్నదంటది. తిను బిడ్డా."

"పోటీ పోతదే."

"పతకం ఇచ్చిందెవ్వలు? తల్లే గద."

మామ తిన్నాడు. నా వంతు సాయంగా ఆయన కంచంలో సగం నేనే లాగించాను. అయినా మొక్కు బెల్లం తూచిన రోజు కిరాణా కొట్టు తక్కెట్లో అరవైమూడు తూగాడు. అవ్వ మొహం వెలిగిపోయింది. స్వామిదాసు సారు తల పట్టుకున్నాడు.

జాతర మరునాటి నుంచి మామ రెండు స్వెట్టర్లు తొడిగి, పైన రగ్గు చుట్టుకుని కామారెడ్డి రోడ్డున పరుగు. చలిజ్వరమేమోనని జనం జాలిపడ్డారు. నేను సైకిల్ మీద పక్కనే పోతూ, ఆయనకు కనబడేటట్టు నీళ్లు తాగేదాన్ని.

"నోరు మూసుకొని తొక్కు," అనేవాడు.

నేను ఏడో తరగతిలో ఆగిపోయాను, మామ అరవైలో ఆగాలి. ఆగాడు. ఎంపిక రోజు ముల్లు సరిగ్గా అరవై మీద నిలబడింది. ఎదురొచ్చిన వాళ్లందరినీ ఓడించి జట్టులో చేరాడు.

2013లో ముంబైలో ప్రొఫెషనల్ అయ్యాడు. అక్కడ తలకు రక్షణ టోపీ ఉండదు, ఒంటి మీద బనీనూ ఉండదు. రెండు పోటీలు గెలిచాడు. మూడోదాంట్లో కనుబొమ్మ చీలి ఓడిపోయాడు. కుట్లతో ఇంటికొచ్చి, "మళ్ల రమ్మన్నరు," అన్నాడు. అంతే.

ఆ మళ్లీ రమ్మన్నది ఈ 2014 ఫిబ్రవరి చివర్లో. అక్కడా తూకం దాటొద్దు. దానికి ముందే జాతర. కన్ను మానితే నిలువెత్తు బంగారమని అవ్వ అప్పుడే మొక్కేసింది. కన్ను మానింది. పొయ్యి మీద తలకాయ కూర ఉడుకుతోంది.

రాసిందంతా మామకు చదివి వినిపించాను. బస్సు ఎల్లారెడ్డిలో తేలిన మాట దగ్గర కూడా నవ్వలేదు. నన్ను కింది నుంచి మీది దాకా చూశాడు.

"ఈసారి తక్కెట్ల నువ్వు కూసో. తల్లికి బెల్లం మస్తుగ ముడ్తది, నా తూకం నాకుంటది."